పూర్వజన్మ జ్ఞానమును ఆత్మపరీక్షయు

ధనవంతుని జూచి "పెట్టి పుట్టినాడు" అని మన యిండ్లలో చెప్పుకొందురు. దుఃఖపడువానిని జూచి "ఏ జన్మములో చేసికొన్న పాపమో" అని నిట్టూర్తురు. సంతానము గలిగిన స్త్రీని "నోచినది" యందురు. కలుగని స్త్రీని "నోచుకొనలేదు" అందురు. క్రొత్తగా పరిచయమైన యిరువురికి చెలిమి త్వరలో కుదిరినచో అది ఋణానుబంధ మనుకొందురు. పునర్జన్మ సిద్ధాంతము తెలుగువారికి గ్రంథములలో మాత్రమే యున్నది కాదు. నిత్యము నాలుకమీద ఆడుచుండు మాటలలో నున్నది. ఆలోచింపక పలుకు మాటయైనను పదేపదే పలుకగా మన నడవడిని దిద్దుటయో చెఱచుటయో చేయక మానదు. కావున ఈ మాటల లోపలి భావమును విచారించుట అవసరము.

మనుష్యునకు పూర్వజన్మములు కలవా లేవా యను వాదమును ఈ పాఠమున తీర్పబూనలేదు. బ్రహ్మసమాజము సయితము కర్మ పునర్జన్మముల విషయమున ఏ విశ్వాసమును విధింపక, దానిని ఎవరి వివేకమునకు వారికి విడిచియున్నది. ఇచ్చట విచారింపబోవు ప్రశ్న వేఱు. పూర్వజన్మములు కలవని నమ్మువాడు ఆ నమ్మకముచేత తన్ను తాను తెలిసికొనగోరినచో ఏమని యడుగవలెను? "నేను ఎవరిని?" అనియా, లేక "నేను ఏమి చేసితిని?" అనియా? ఈ రెండు ప్రశ్నలకును గల భేదమే ఈ పాఠమునకు సారము. ఆ భేదమును బోధించు కథలు పల్నాటి సీమలో పదునేడు వందల యేండ్ల క్రిందటనే ఱాతిమీద చెక్కబడినవి. మొదట ఆ ఱాళ్లయొద్దకు పోవుదము.

1. విజయపురి శిల్పములు

పల్నాడు జిల్లాలోని విజయపురి సౌత్ నాగార్జునసాగరపు ఆనకట్టకు దక్షిణపు వైపున నున్న ఊరు. అచ్చటనుండి లాంచి యెక్కి జలాశయము మీదుగా పోయినచో నాగార్జునకొండ చేరవచ్చును. ఇప్పుడు ద్వీపమువలె కనబడు ఆ కొండ పూర్వము కృష్ణాతీరమున ఒక విశాలమైన లోయలో నిలిచియుండెను. క్రీస్తుశకము మూడవ శతాబ్దమునను నాలుగవ శతాబ్దపు తొలినాళ్లలోను ఆ లోయలోనే ఇక్ష్వాకు రాజుల రాజధానియైన విజయపురి వర్ధిల్లెను. వారిలో మొదటివాడగు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధ వాజపేయాది వైదిక క్రతువులు చేసెను. అతని సోదరియగు శాంతిశ్రీ బుద్ధభక్తురాలు; తన అన్న కుమారుడైన వీరపురుషదత్తుని యేలుబడిలో ఆఱవ సంవత్సరమున అచ్చటి మహాచైత్యమునకు శిలాస్తంభములు నెలకొల్పెను. ఒకే యింట అన్న యజ్ఞము చేయుచు, చెల్లెలు చైత్యమును గొలుచుచు, ఒకరి నొకరు ద్వేషింపకుండిరి.

ఆ నగరము కాలక్రమమున మట్టిలో గలిసిపోయెను. 1926లో దాని శిథిలములు వెలుగులోనికి వచ్చెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్‌స్ట్ దొర త్రవ్వకములు జరిపించెను. 1955 డిసెంబరు 10వ తేదిని జవహర్‌లాల్ నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. లోయ మునుగునని తెలిసినందున 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున లోయయంతయు శోధింపబడెను. ముఖ్యమైన కట్టడములు కొన్ని విప్పి, కొండమీదను అనుపు అను చోటను మరల పేర్చబడినవి. 1967 ఆగస్టు 4వ తేదిని ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచెను. పాత విజయపురి నీటి యడుగున నుండగా, ఆ పేరు ఆనకట్టకు ఇరుప్రక్కల వెలసిన క్రొత్త ఊళ్లకు వచ్చెను.

కొండమీది ప్రదర్శనశాలలో నేడు చూడదగిన శిల్పములలో జాతకకథలను దెలుపునవి కలవు. జాతకము లనగా బుద్ధుడు తన పూర్వజన్మములను గూర్చి చెప్పినవిగా ప్రసిద్ధిగాంచిన కథలు. పాళీ సంపుటమున నివి 547. వానిలో నతడు రాజుగాను, వర్తకుడుగాను, కోతిగాను, ఏనుగుగాను, కుందేలుగాను జన్మించును. ప్రతి కథయు ఒక జోడింపుతో ముగియును. "ఆనాటి ఫలానివాడు ఈనాటి ఆనందుడు, ఆనాటి ఫలానివాడు ఈనాటి దేవదత్తుడు, ఆనాటి యా రాజును నేనే" అను రీతిగా నుండు ఆ ముగింపునకు సమవధాన మని పేరు. పూర్వజన్మ జ్ఞానమునకు బౌద్ధులు ఎట్టి ప్రయోజనమును కోరిరో యీ ముగింపులవలన తెలియును.

2. నవ్వి యేడ్చిన భిక్షుణి

విజయపురికి దూరము గాని గోలి యను గ్రామము పల్నాటిలోనిదే. అచ్చట బయల్పడిన చిన్న స్తూపపు శిల్పములు చాలవఱకు మద్రాసు మ్యూజియమునకు చేరెను, టి. యన్. రామచంద్రన్ గారు 1929లో వానిని గూర్చి గ్రంథము ప్రకటించిరి. ఆ ఫలకములలో షడ్దంత జాతక మొకటి. ఈ కథను అమరావతి శిల్పులును చెక్కిరి. పూర్వజన్మ స్మృతిని గూర్చి ఇంతకంటె లోతైన కథ దొరకుట కష్టము.

ఆఱు దంతములు గల గజరాజునకు ఇరువురు భార్యలు, మహాసుభద్ర, చుల్లసుభద్ర. ఒకనాడు గజరాజు పూచిన సాలవృక్షమును కుంభస్థలముతో కదపెను. గాలివాటమునుబట్టి పూలును పుప్పొడియు మహాసుభద్రపై రాలెను. ఎండుటాకులును ఎఱ్ఱచీమలును చుల్లసుభద్రపై రాలెను. అతడు కావలెనని చేసినది కాదు. అయినను చుల్లసుభద్ర మనసున కసి నాటుకొనెను. తరువాత నొక పద్మము రెండవయామె కీయబడగా ఆ కసి మఱింత ముదిరెను. తాను మఱుజన్మమున రాణియై యితనిమీద పగ దీర్చుకొనవలెనని కోరుకొని ఆహారము మాని మరణించెను. మద్రరాజు ఇంట జన్మించి కాశీరాజునకు పట్టమహిషి యయ్యెను. పూర్వజన్మము ఆమెకు జ్ఞప్తియందున్నది. రోగము నటించి, సోణుత్తరు డను వేటకానిని పంపి, ఆ గజరాజు దంతములు తెమ్మనెను. విషపు బాణము తగిలిన గజరాజు కారణము విని, ఇది చుల్లసుభద్ర పని యని యెఱిగియు కోపింపలేదు. దంతములను కోయుటకు వేటకాని బలము చాలకపోగా, తానే ఱంపమును తొండముతో బట్టి కోసి యిచ్చెను. ఆ దంతములను ఒడిలో నుంచుకొని చూచిన రాణికి పూర్వపు కాపురము తలపునకు వచ్చెను. ఆ దుఃఖము నోపలేక గుండె పగిలి ఆమె మరణించెను.

ఈ కథ చెప్పుటకు గలిగిన సందర్భ మింకను ముఖ్యమైనది. శ్రావస్తిలో ఒక యువతి భిక్షుణియై, జేతవనమున బుద్ధుని యుపదేశము వినుచుండెను. అతని రూపమును జూచుచుండగా "నేనెప్పుడైన ఈయనకు భార్యనై యుంటినా?" యని ఆమెకు తోచెను. వెంటనే గజరాజుతో గడపిన జన్మము స్మృతికి వచ్చెను. సంతోషము పట్టలేక నవ్వెను. అటుపిమ్మట ఆమె రెండవ ప్రశ్న వేసికొనెను: "నేను ఈయనకు మేలుకోరిన భార్యనా, కీడుకోరిన భార్యనా?" అప్పుడు దంతములు కోయించిన సంగతియు స్మృతికి వచ్చెను. సభలోనే బిగ్గఱగా ఏడ్చెను. ఆమె నవ్విన కారణమును, ఏడ్చిన కారణమును సభవారికి తెలుపుటకే బుద్ధుడు ఈ కథ చెప్పెను.

చదువరులారా, ఇచ్చట నిలిచి యోచింపుడు. ఆ భిక్షుణికి వచ్చిన స్మృతి యొక్కటే; ప్రశ్నలు రెండు. "నేను ఎవరిని?" అను ప్రశ్నకు బదులుగా ఆమెకు ఒక పదవి దొరకెను, మహాపురుషుని భార్య యను పదవి. అది నవ్వు పుట్టించెను. "నేను ఏమి చేసితిని?" అను ప్రశ్నకు బదులుగా ఒక కార్యము దొరకెను. అది కన్నీరు దెప్పించెను. నవ్విన నిమిషమున ఆమెకు తన్ను గూర్చి క్రొత్తగా తెలిసిన దేమియు లేదు. ఏడ్చిన నిమిషమున, చిన్న యసూయ యెంత దూరము పోగలదో తెలిసెను. ఆత్మజ్ఞాన మనదగినది ఆ రెండవదే. స్మృతి మాత్రమే చాలునన్నచో కాశీరాణికి అది పుట్టుకతోనే యుండెను గదా! ఆమె ఆ స్మృతితో తన్ను పరీక్షించుకొనక, ఎదుటివాని తప్పునే లెక్కించుకొనెను. అందుచేత ఆ జ్ఞానము ఆమెకు ఱంపపు కోత యయ్యెను.

3. "ఆ మాంధాతను నేనే"

నాగార్జునకొండ శిల్పులకు ప్రియమైన మఱియొక కథ మాంధాత చరిత్రము. మాంధాత సమస్త భూమండలము నేలెను. అది చాలక స్వర్గమునకు బోయెను. ఇంద్రుడు తన సింహాసనమున సగమిచ్చెను. చాలకాలము అట్లుండియు, ఆ సగముతో తృప్తినొందక, ఇంద్రుని చంపి యంతయు తానే యేలవలెనని మాంధాత తలచెను. ఆ తలంపుతో నతని ఆయువు సడలి, ముసలితనము పైబడి, భూమిపై నొక యుద్యానవనమున పడి మరణించెను. బుద్ధుడు ఈ కథ ముగించి, ఆ మాంధాతను తానే యనెను.

తన పూర్వజన్మమును జెప్పుకొనువాడు సాధారణముగా తనకు గౌరవము తెచ్చు జన్మమునే చెప్పును. మాంధాత చక్రవర్తియే, కాని యిచ్చట చెప్పబడినది చక్రవర్తిత్వము కాదు, ఆశకు అంతులేక పతనమగుట. అందఱును గురువుగా గొలుచువాడు "అత్యాశచేత చెడినవాడను నేనే" యని చెప్పుటకు ఎంత నిష్కపటత్వము కావలెనో చూడుడు. గోలి ఫలకములలోనే శశజాతకము గలదు. అతిథి కిచ్చుటకు ఏమియు లేక తన శరీరమునే నిప్పులో నర్పింపబూనిన కుందేలు కథ యది. అందు చెప్పుకొన్న జన్మము చెవులపిల్లిది. చెప్పుకొన్న కార్యము మహాదానము. ఒక కథలో ఉన్నత జన్మమును హీన కార్యమును. మఱియొక కథలో అల్ప జన్మమును ఉదాత్త కార్యమును. జన్మము ఎక్కువ తక్కువలతో నిమిత్తము లేకుండ కార్యమునే తూచు తక్కెడ యిది.

విజయపురి దాతల శాసనములును ఈ రీతిగానే యున్నవి. శాంతిశ్రీ తన శాసనమున తన వంశమును, బంధువులను, తాను చేసిన దానమును చెప్పి, ఉభయలోకములయందును తనవారికి హితసుఖములు కలుగవలెననియు, తనకు నిర్వాణము లభింపవలెననియు కోరెను. బోధిశ్రీ యను ఉపాసిక చుళధర్మగిరిమీద చైత్యగృహము కట్టించి, దాని పుణ్యమును తన భర్తకును బంధువులకును పంచెను. ముందు జన్మమునకు కావలసినది ఈ జన్మమున చేయవలెనని వారు తలంచిరి. వెనుకటి జన్మమున తాము ఎవరమో చెప్పుకొనలేదు.

4. దీపము, మామిడిపండ్లు, ఊరి పేరు

"పూర్వము నేనుంటినా? లేకుంటినా? ఏమైయుంటిని? ఎట్లుంటిని?" అని మనసును త్రిప్పుచుండుటను బుద్ధుడు సబ్బాసవ సుత్తమున సరికాని చింతనముగా చెప్పెను. బోధి పొందిన రాత్రి మొదటి జామున తనకు పూర్వజన్మములు తెలిసినవని చెప్పినవాడే ఇట్లు చెప్పుట వింతగా తోచవచ్చును. కాని విచారించినచో విరోధము లేదు. అతనికి ఆ జ్ఞానము చిత్తము నిర్మలమైన తరువాత వచ్చిన ఫలము. చిత్తము కలతపడియుండగా వెదకికొన్న వినోదము కాదు. మూడవ జామున అతడు తెలిసికొన్న దుఃఖకారణమును, దుఃఖనివృత్తి మార్గమును లేనిచో మొదటి జాము జ్ఞానము అసంపూర్ణమే.

ఇక నొక సందేహము కలుగును. "ఆత్మ యనునది మారక నిలుచు వస్తువు కాదని బౌద్ధులు చెప్పుదురు గదా, అట్లయిన ఎవరి కార్యమునకు ఎవరు బాధ్యులు?" మిళిందుడను యవనరాజు నాగసేన భిక్షువు నిదే యడిగెను. రాత్రియంతయు వెలుగు దీపమును భిక్షువు దృష్టాంతముగా చూపెను. మొదటి జాము జ్వాలయు కడపటి జాము జ్వాలయు ఒకటే కాదు. అట్లని వేఱును కాదు. ఒకదానిని బట్టి మఱియొకటి వచ్చినది. మామిడిపండ్లు దొంగిలినవాడు "తోటవాడు నాటినది టెంక, నేను కోసినవి పండ్లు, అవి వేఱు, ఇవి వేఱు" అన్నచో న్యాయాధిపతి యొప్పుకొనడు గదా యనియు చెప్పెను. టెంకనుండియే పండు వచ్చినది.

విజయపురి యొక మంచి దృష్టాంతము. నీట మునిగిన రాజధానియు, నేటి విజయపురి సౌత్ ఊరును ఒకటేనా? వీధులు వేఱు, ఇండ్లు వేఱు, జనులు వేఱు. అయినను పేరు వచ్చినది. విప్పి పేర్చిన కట్టడములు వచ్చినవి. లోయను కాపాడవలెనని కొందఱు పడిన శ్రమ ఫలము వచ్చినది. ఏది యెవరు మోసికొనివచ్చిరో అదియే వచ్చినది. మన విషయమును అట్టిదే. పదియేండ్ల నాటి మన శరీరము నేడు లేదు. నాటి ఇష్టములు అన్నియు లేవు. కాని నాడు అలవాటు చేసికొన్న కోపము నేడు మన మాటలో పలుకును. నాడు అలవాటు చేసికొన్న ఓర్పు నేడు మన చేతిని ఆపును. పూర్వజన్మ వాసన యని పెద్దలు చెప్పినదానిని ఎఱుగగోరువాడు నిన్నటి దినమును జూచిన చాలును. నిన్న యనునది రేపటికి పూర్వజన్మమే.

5. నేటి అన్వేషణములు

పూర్వజన్మమును తెలిసికొనవలెనను కోరిక ఈ కాలమున క్రొత్త దారులు త్రొక్కినది. 1926లో ఢిల్లీయందు పుట్టిన శాంతీదేవి యను బాలిక, తాను వెనుకటి జన్మమున మథురలో నుంటినని చెప్పగా 1935లో ఒక సంఘము ఆమెను అచ్చటికి తీసికొనిపోయి పరీక్షించెను. అమెరికాలో వర్జీనియా విశ్వవిద్యాలయమునకు చెందిన ఇయాన్ స్టీవెన్సన్ అను వైద్యుడు ఇట్టి పిల్లల మాటలను దేశదేశములలో సేకరించి, 1966లో ఇరువది యుదాహరణములను ప్రకటించెను. అతడు సయితము అవి పునర్జన్మమును సూచించునవే యనెను గాని, ఋజువు చేయునవి యనలేదు.

పెద్దవారిని వశీకరణ నిద్రలోనికి పంపి పూర్వజన్మమును చెప్పించు పద్ధతి వేఱొకటి కలదు. దీనిని స్టీవెన్సన్ కూడ నమ్మదగినదిగా నెంచలేదు. 1952లో కొలరాడో రాష్ట్రమున ఒక గృహిణి ఆ నిద్రలో తాను పందొమ్మిదవ శతాబ్దపు ఐర్లండు స్త్రీయగు బ్రైడీ మర్ఫీ నంటినని వివరముగా చెప్పెను. 1956లో అది పుస్తకమై యమ్ముడుపోయెను. ఐర్లండులో వెదకగా అట్టి స్త్రీ పుట్టినట్టును చనిపోయినట్టును ఆధారములు దొరకలేదు. ఆ గృహిణి బాల్యమున చికాగోలో ఎదురింట ఐర్లండు స్త్రీ యొకతె యుండెనని చికాగో పత్రిక యొకటి ప్రకటించెను. చిన్ననాడు విన్న మాటలు మఱచిపోబడి, మఱియొక రూపమున మరల రావచ్చును. దీనిని కపట మనరాదు. జ్ఞాపకశక్తి స్వభావమే యట్టిది. 1995లో ఎలిజబెత్ లాఫ్టస్ అను మనస్తత్వశాస్త్రజ్ఞురాలు ఒక పరీక్ష ప్రకటించెను. 24 మందికి వారి బాల్యమున జరుగని సంగతి యొకటి, అంగడి సముదాయములో తప్పిపోయితి రని, బంధువులు చెప్పినట్లుగా నమ్మబలుకగా, సుమారు నాలుగవ వంతు మంది అది కొంతయైనను జ్ఞప్తికి వచ్చినదనిరి. ఈ జన్మమున జరుగనిదియే జ్ఞప్తికి రాగా, గురువో వైద్యుడో కన్నులు మూయించి సూచించిన పూర్వజన్మము కన్నులకు కట్టినట్లు కనబడుటలో ఆశ్చర్య మేమున్నది?

కావున ఒక పరీక్ష చేయుడు. ఎవరైనను మీకు పూర్వజన్మమును చెప్పినచో, ఆ చెప్పినదానిలో మీరు నవ్వదగినది యెంత, ఏడ్వదగినది యెంత యని చూడుడు. మీరు రాజులో, ఋషులో, గొప్పవారి భార్యలో అయి, మీ నేటి కష్టములకెల్ల ఇతరులే కారణమైనచో, అది మీ గర్వము మీకు చెప్పిన కథయే యని తెలియుడు. ద్రవ్యము తీసికొని చెప్పిన కథయైనచో మఱింత జాగ్రత్త వలయును. పరీక్షించి చూడగా మీరు నేడు ఎవరి దంతములు కోయించుచున్నారో తెలిసినచో, ఆ కథ నిజమైనను కాకున్నను మేలే చేసినది.

6. ఇతరుల పూర్వజన్మము

ఇంతవఱకు తన పూర్వజన్మమును గూర్చి చెప్పితిమి. ఇతరుల పూర్వజన్మమును గూర్చి మాటలాడుట అంతకంటె ప్రమాదము. తన్ను ప్రశ్నించుకొనుటకు ఉపయోగించిన సిద్ధాంతము ఔషధము. ఇతరులపై తీర్పు చెప్పుటకు ఉపయోగించిన అదే సిద్ధాంతము విషము. "వాని కర్మ" యను రెండు మాటలచేత మన దేశమున ఎన్ని కన్నీళ్లకు సమాధానము చెప్పబడలేదు! బాలవితంతువు దుఃఖమునకు ఆమె పూర్వజన్మ పాపమే కారణమనిరి. అంటరాని వారనబడిన వారి బాధకు వారి పూర్వకర్మమే కారణమనిరి. కారణము వెనుకటి జన్మమున నున్నదన్నచో ఈ జన్మమున నున్న మనము చేయవలసినది యేమియు లేదు గదా! ఆ సుఖమైన సమాధానమే మనలను మోసపుచ్చినది.

మోళియ సీవకుడను పరివ్రాజకుడు "మనుష్యుడు అనుభవించు సుఖదుఃఖములన్నియు పూర్వకర్మమువలననే యని కొందఱందురు, నిజమా?" యని యడుగగా, బుద్ధుడు కాదనెను. పిత్తము, శ్లేష్మము, వాతము, ఆ మూడింటి కలయిక, ఋతువుల మార్పు, అజాగ్రత్త, ఇతరులు కొట్టిన దెబ్బ, కర్మఫలము అని యెనిమిది కారణములు చెప్పెను. ఎనిమిదింటిలో కర్మము ఒక్కటి మాత్రమే. సర్వమును పూర్వకర్మమే యనువారు ఎల్లరును ఎఱిగిన సంగతికి విరుద్ధముగా పలుకుచున్నారని కూడ చెప్పెను.

ఆ మాట యెంత సత్యమో మన జిల్లాల చరిత్రయే చెప్పును. నడుము వంగి, ఎముకలు వంకరలై, దంతములు పసుపువన్నెకు మాఱిన జనులు మన గ్రామములలో కొన్నిటియందు తరతరములుగా కనబడుచుండిరి. 1937లో వైద్యులు అప్పటి నెల్లూరు జిల్లాలో పరిశోధించి, త్రాగు నీటిలోని ఫ్లోరైడు దీనికి కారణమని ప్రకటించిరి. పాపము రోగియందు లేదు. బావి నీటిలో నున్నది. కృష్ణకు ఆవలి యొడ్డున నల్లగొండ జిల్లా ఈ వ్యాధిచేత మిక్కిలి పీడింపబడినది. విజయపురిని ముంచిన ఆ జలాశయపు నీరే గొట్టముల ద్వారా ఆ జిల్లా గ్రామములకు త్రాగుటకు చేరినది. కర్మ మనుకొని యూరకుండినచో ఆ నీరు చేరియుండునా? కుష్ఠువ్యాధిని సయితము మహాపాపఫలమని రోగులను ఊరి వెలుపలికి త్రోసిరి. 1873లో నార్వే దేశపు హాన్సెన్ దానికి కారణమైన సూక్ష్మజీవిని కనుగొనెను. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అనేక ఔషధముల చికిత్సను సూచించెను. నేడది మందులచేత కుదురు వ్యాధి. "నోచుకొనలేదు" అనబడిన స్త్రీ విషయమున సయితము, సంతానలేమికి కారణము భర్తయందే యుండవచ్చునని వైద్యులు చెప్పుదురు.

పల్నాటివారికి ఇది క్రొత్త బోధ కాదు. బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్కచోట కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెననియు, మాలవాడైన కన్నమదాసుకు సేనలో ఉన్నతస్థాన మిచ్చెననియు పల్నాటి వీరగాథ చెప్పును. పంక్తిని కూర్చున్నవానిని "నీవు వెనుకటి జన్మమున ఏమి చేసి యీ కులమున పుట్టితివి?" అని ఆ గాథలో నెవరును అడుగలేదు. ఆకలిగొన్నవానిని అడుగవలసిన ప్రశ్న అది కాదు.

7. నిత్యాభ్యాసము

ఈ పాఠమును చదివి విడిచినచో ప్రయోజనము లేదు. రాత్రి పరుండబోవుటకు ముందు పావుగంటసేపు ఒంటరిగా కూర్చుండి, గడచిన దినమును పూర్వజన్మముగా భావించి, ఈ క్రమమున పరీక్షించుకొనుడు.

మొదట, నేడు చేసిన కార్యములలో ఒకదానిని మాత్రము తీసికొనుడు. మీకు పేరు దెచ్చినదానిని విడిచి, ఎవరికైన నొప్పి గలిగించినదానిని తీసికొనుడు. రెండవది, ఆ కార్యమునకు మూలమైన చిన్న సంగతిని వెదకుడు. చుల్లసుభద్ర హత్యకు మూలము కొన్ని యెండుటాకులు. మీ కోపమునకు మూలమైన యెండుటాకు ఏదో కనిపెట్టుడు. దానిని రాల్చినవాడు కావలెననియే రాల్చెనా యని యడుగుడు. మూడవది, ఆ గుణము మీలో ఎంతకాలమునుండి యున్నదో వెనుకకు పోయి చూడుడు. నిన్న, నిరుడు, బాల్యము. అంతకు పూర్వమునకు పోనక్కఱలేదు. నాలుగవది, సమవధానము చెప్పుకొనుడు: "అట్లు చేసినవాడను నేనే." ఇతరుల పేరు ఆ వాక్యములో చేర్పకుడు. ఐదవది, మఱునాడు సరిదిద్దదగినది యొకటి నిశ్చయించుకొని, ఆ మనుష్యునితో మాటలాడుడు.

ఒక నెల దినములు ఇట్లు చేసినవాడు, తన పూర్వజన్మమును గూర్చి యే జ్యోతిష్కుడును చెప్పలేని సంగతులు తెలిసికొనును. పునర్జన్మమును నమ్మువానికి ఇది ముందు జన్మమునకు పాథేయము. నమ్మనివానికి ఇది మిగిలిన జీవితమునకు పాథేయము. ఇరువురకును కర్తవ్య మొక్కటియే యైనప్పుడు వారు వాదించుకొనుట మాని, కలిసి నడువవచ్చును.

ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. జేతవనపు భిక్షుణికిని కాశీరాణికిని కలిగిన స్మృతి యొక్కటే గదా. ఫలము వేఱగుటకు కారణమేమి?

2. మాంధాత కథయందును శశజాతకమునందును జన్మము, కార్యము అనువానిలో దేనికి విలువ యీయబడినది?

3. సీవకునకు చెప్పబడిన యెనిమిది కారణములలో, మీ యూరిలోని వ్యాధులకును బాధలకును చెందునవి యేవి?

4. "వాని కర్మ" యని మీరు కడపట పలికిన సందర్భ మేది? ఆ మాట పలుకకున్నచో మీరు చేయవలసివచ్చెడి కార్య మేమి?

5. నేటి మీ దినమునకు సమవధానము వ్రాయవలసినచో ఏమని వ్రాయుదురు?